మందుకు లొంగని పిల్లికూతలు

చిన్నపిల్లల ఛాతీలో వినిపించే పిల్లికూతలకు చాలా సందర్భాలలో కారణం జలుబు వైరస్‌ల వల్ల శ్వాసనాళికలు వాయడమో, ఉబ్బసమో అయి ఉంటుంది. ఈ అధ్యాయం చదివి తల్లిదండ్రులెవరూ బిడ్డకు వాడుతున్న ఇన్‌హేలర్‌ను సొంతంగా పక్కన పెట్టేయకూడదు గనుక ఆ మాట మొదటే చెప్పుకోవాలి. అయితే అదే కూత, అదే ఆయాసం, అదే విడవని దగ్గు కొద్దిమంది పిల్లలలో ఊపిరితిత్తుల జబ్బు ఏదీ లేకుండానే పుడతాయి. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళాలు తల్లి గర్భంలోనే ఉండవలసిన తీరుకు భిన్నంగా అమరి, గాలి పోయే వాయునాళాన్ని, అన్నం దిగే ఆహారవాహికను కలిపి చుట్టేసి నొక్కడమే వాటికి మూలం. ఈ స్థితిని రక్తనాళ వలయం అంటారు. వైద్యుల వాడుకలో ఇది వాస్క్యులర్ రింగ్. పుట్టుకతో వచ్చే గుండె, పెద్ద రక్తనాళాల లోపాలన్నింటిలో దీని వాటా సుమారు 1 శాతం మాత్రమే. ఇంత అరుదైనదాని గురించి సామాన్య పాఠకులు తెలుసుకోవడం ఎందుకంటే, ఉబ్బసాన్ని మందులతో ఏళ్ల తరబడి అదుపులో ఉంచుకోవలసి వస్తుండగా, దీన్ని చాలావరకు ఒకే శస్త్రచికిత్సతో సరిచేయవచ్చు, గుర్తించగలిగితే.

వలయం ఎలా ఏర్పడుతుంది

గర్భం నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం లోపు పిండం మెడ భాగంలో ఇరుపక్కలా ధమనీ చాపాలు జతలు జతలుగా ఏర్పడి, వాటిలో కొన్ని కరిగిపోగా, మిగిలినవి కలిసి మహాధమనిగానూ దాని శాఖలుగానూ రూపుదిద్దుకుంటాయి. మామూలుగా కుడివైపు చాపంలోని వెనుక భాగం అదృశ్యమై ఎడమవైపుది నిలుస్తుంది. అందుకే మహాధమని గుండె పైనుంచి లేచి, వాయునాళానికి ఎడమ పక్కగా వంపు తిరిగి, వెన్నెముకను ఆనుకొని కిందికి దిగుతుంది. కరగవలసినది కరగకపోయినా, నిలవవలసిన దానికి బదులు మరొకటి నిలిచినా ఈ అమరిక మారిపోతుంది. రెండు చాపాలూ మిగిలిపోతే మహాధమని రెండుగా చీలి, ఒక పాయ వాయునాళానికి ముందునుంచి, మరో పాయ ఆహారవాహికకు వెనుకనుంచి సాగి, మళ్లీ ఒకటిగా కలుస్తాయి. మధ్యలో చిక్కుకున్న రెండు గొట్టాలకూ కదలడానికి చోటుండదు. జంట మహాధమని చాపం అని పిలిచే ఈ రకం సాధారణంగా అన్నింటికన్నా బిగుతైనది కాబట్టి దాని లక్షణాలు తొలి వారాలలోనో, తొలి నెలలలోనో బయటపడతాయి.

రెండో ప్రధాన రకంలో మహాధమని కుడివైపుకు వంపు తిరుగుతుంది. ఎడమ చేతికి రక్తం తీసుకుపోయే ధమని వెనుకనుంచి పుట్టి ఆహారవాహిక వెనుకగా ఎడమవైపుకు సాగుతుంది. గర్భంలో ఊపిరితిత్తుల ధమనిని మహాధమనితో కలిపి, పుట్టిన తరువాత మూసుకుపోయి గట్టి పోగుగా మారే డక్టస్ అనే నాళం ఎడమ పక్కన ఉండి వలయాన్ని పూర్తిచేస్తుంది. ఈ వలయం కొంత వదులుగా ఉండటం వల్ల బిడ్డ నడిచే వయసు దాకా, ఒక్కోసారి యౌవనం దాకా బయటపడకపోవచ్చు. ఎడమ ధమని పుట్టే చోట తరచు కనిపించే ఉబ్బును, అలాంటి ఉబ్బును జర్మన్ రేడియాలజిస్టు కొమరెల్ 1936లో వర్ణించినందువల్ల, కొమరెల్ డైవర్టిక్యులమ్ అని పిలుస్తున్నారు.

వలయం పూర్తిగా మూసుకోని అమరికలు కూడా ఉన్నాయి. ఎడమ ఊపిరితిత్తికి పోవలసిన ధమని కుడి ధమని నుంచి పుట్టి, వాయునాళానికీ ఆహారవాహికకూ నడుమ దూరి ఎడమకు వెళ్లే లోపాన్ని పల్మనరీ స్లింగ్ అంటారు. ఈ పిల్లలలో చాలామందికి వాయునాళపు మృదులాస్థులు వెనుక తెరచి ఉన్న చాపాలుగా కాక పూర్తి చుట్లుగా ఏర్పడి, నాళమే స్వతహాగా ఇరుకై ఉంటుంది గనుక ఇది వీటిలో కష్టతరమైనది. తల, కుడి చేతి వైపు రక్తం పంపే ఇన్నామినేట్ ధమని ముందునుంచి వాయునాళాన్ని నొక్కడం మరొకటి. వీటన్నింటికన్నా ఎక్కువగా కనిపించేది కుడి చేతి ధమని చివరగా పుట్టి ఆహారవాహిక వెనుకగా కుడివైపుకు దాటడం. ఇది నూటికి ఒకరిలోనో, రెండువందలకు ఒకరిలోనో ఉన్నా నూటికి తొంభైమందికి పైగా జీవితకాలమంతా దాని ఉనికినే ఎరుగరు కాబట్టి, మరేదో పనిమీద తీసిన స్కాన్‌లో అది కనబడినంత మాత్రాన బిడ్డ దగ్గుకంతటికీ అదే కారణమని నిర్ణయించుకోవడం తొందరపాటు.

ఉబ్బసంలా ఎందుకు వినిపిస్తుంది

శ్వాసలో వచ్చే శబ్దం గాలి ఇరుకులో నుంచి దూసుకుపోయేటప్పుడు పుడుతుంది. ఆ ఇరుకు లోపలి వాపు వల్ల వచ్చిందా, బయటి ఒత్తిడి వల్ల వచ్చిందా అన్నది శబ్దం ఒక్కటే చెప్పలేదు. పసిబిడ్డ వాయునాళం అడ్డుకొలత దాదాపు 4 మిల్లీమీటర్లే ఉంటుంది. ప్రవాహం సాఫీగా ఉన్న గొట్టంలో వ్యాసార్థం సగానికి తగ్గితే గాలికి ఎదురయ్యే నిరోధం 16 రెట్లు పెరుగుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. కాబట్టి అప్పటికే నొక్కుకుపోయి ఉన్న నాళంలో చిన్న జలుబు తెచ్చే కొద్దిపాటి వాపు, కాస్త కఫం చేరినా బిడ్డ డొక్కలు ఎగరవేసే స్థితికి వస్తుంది. ఇరుకు వెనుక కఫం నిలిచిపోవడం వల్ల నెమ్ము కూడా మళ్లీ మళ్లీ చేస్తుంది.

పొరపాటు స్థిరపడే తీరు ఇక్కడే అర్థమవుతుంది. జలుబుతో ఆయాసం పెరిగిన బిడ్డకు నెబ్యులైజర్ పెడతారు; నాలుగైదు రోజులలో జలుబు తనంతట తాను తగ్గి, దానితోపాటు ఆయాసమూ తగ్గుతుంది; ఆ ఉపశమనం మందు ఖాతాలో చేరుతుంది. మరుసటి నెల మరో వైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు పాత చీటీలోని మందులే బిడ్డ జబ్బుకు పేరుగా మారతాయి. అయిదారేళ్ల లోపు పిల్లలు ఊపిరి బలాన్ని కొలిచే స్పైరోమెట్రీ పరీక్షకు సాధారణంగా సహకరించలేరు గనుక ఆ వయసులో ఉబ్బసమన్న నిర్ధారణ ప్రధానంగా తల్లిదండ్రులు చెప్పే కథనం మీద, స్టెతస్కోపు మీద, మందుకు వచ్చే స్పందన మీద ఆధారపడుతుంది. ఇందులో ఏ ఒక్క వైద్యుడి నిర్లక్ష్యమో ఉందని చెప్పడం న్యాయం కాదు. తప్పు ఎక్కువగా ప్రతి సందర్శనా విడిగా జరిగిపోవడంలో, మొత్తం చరిత్రను ఒకచోట పెట్టి చూసేవారు లేకపోవడంలో ఉంది.

మందు విషయంలో మరో చిక్కు ఉంది. ఎడతెగకుండా నొక్కబడిన చోట మృదులాస్థి గట్టిపడక వాయునాళం మెత్తగా మిగిలిపోతుంది. దీన్ని ట్రాకియోమలేసియా అంటారు. సాల్బుటమాల్ వంటి మందులు శ్వాసనాళాల కండరాన్ని సడలిస్తాయి. ఉబ్బసంలో కావలసింది అదే. కానీ మెత్తబడిన వాయునాళం వెనుక గోడలో ఉన్న కండరం సడలితే, ఊపిరి వదిలేటప్పుడు ఆ గోడ లోనికి మరింత కూలి, కొందరు పిల్లలలో నెబ్యులైజర్ తరువాత శబ్దం తగ్గకపోగా పెరుగుతుంది. మందు పెట్టిన తరువాత ఎక్కువైందని తల్లి చెప్పినప్పుడు, ఆ మాటను బిడ్డ ఏడ్చినందువల్లనే అని తోసిపుచ్చకుండా రాసుకోవడం మంచిది.

ఇంట్లో గమనించవలసినవి

ఉబ్బసం స్వభావం మారుతూ ఉండటం. కొన్ని రాత్రులు ఎక్కువగా, కొన్ని వారాలు అసలే లేకుండా, దుమ్ముకో చలిగాలికో రేగి, మందుకు అణగుతుంది. కుటుంబంలో ఇంకెవరికో ఉబ్బసమో, తుమ్ములో, చర్మం మీద దురద మచ్చలో ఉండటం కద్దు. రక్తనాళ వలయం స్వభావం మారకపోవడం. పుట్టినప్పటి నుంచీ లేదా తొలి నెలల నుంచీ శబ్దం ఉండి, జలుబులో పెరిగినా జలుబు లేని రోజున కూడా పూర్తిగా పోదు. నిద్రలో మెత్తగా, ఏడ్చినప్పుడూ పాలు తాగేటప్పుడూ బిగ్గరగా వినిపిస్తుంది. ఉబ్బసంలో కూతలు ఛాతీ అంతటా రకరకాల స్వరాలలో వినబడితే, వాయునాళం ఒక్కచోట ఇరుకైనప్పుడు ఒకే స్వరం ఛాతీ నడుమ గట్టిగా వినబడుతుంది. కొందరిలో ఊపిరి పీల్చేటప్పుడు కూడా కీచుమనే శబ్దం వస్తుంది. దగ్గు కంచు పాత్ర మోగినట్లు ఖంగుమంటుంది.

అన్నింటికన్నా విలువైన ఆధారం తిండి దగ్గర దొరుకుతుంది, ఎందుకంటే ఉబ్బసం గాలి గొట్టాల జబ్బే గాని మింగడానికి అది అడ్డురాదు. పాలు తాగుతున్న బిడ్డ నాలుగు గుక్కలకు ఒకసారి వదిలేసి ఎగశ్వాస తీసుకోవడం, తరచు పొలమారడం, తాగినదంతా కక్కేయడం, బరువు పెరగకపోవడం తొలి సూచనలు. పాలతో నెట్టుకొచ్చిన బిడ్డకు కష్టం అన్నప్రాశన తరువాత, మెత్తటి అన్నం నుంచి ముద్దకు మారే వయసులో తేటపడుతుంది. బిడ్డ ముద్దను బుగ్గన పెట్టుకొని గంటసేపు నములుతుంది, ప్రతి ముద్దకూ నీళ్లు అడుగుతుంది, ఇడ్లీ తింటుంది గాని చపాతీ ముట్టదు, ఇంట్లోవాళ్లు దాన్ని మారాం అనుకుంటారు. మరో గుర్తు బిడ్డ పడుకునే తీరులో కనిపిస్తుంది. తల వెనక్కి వాల్చి, మెడ విల్లులా వంచి పడుకున్నప్పుడు వాయునాళం సాగి ఒత్తిడి కొంత తగ్గుతుంది గనుక పసిబిడ్డ ఆ భంగిమను తనే కనిపెడుతుంది. తలను ముందుకు వంచితే శబ్దం పెరుగుతుంది. అలాంటి బిడ్డ మెడను సరిచేయబోవడం తగదు.

ఏటా మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో పంచే చేప ప్రసాదం కోసం ఉబ్బసం ఉన్నవారు పెద్ద సంఖ్యలో వస్తారు. దాని గుణదోషాల చర్చను పక్కన పెట్టినా, మింగేటప్పుడు పొలమారే బిడ్డ నోట్లో బతికి ఉన్న కొర్రమీను పిల్లను గాని, గొంతుకు అడ్డుపడే మరే పదార్థాన్ని గాని పెట్టడం ప్రమాదకరం. ఇదే సందర్భంలో గుర్తుంచుకోవలసింది ఇంకొకటి: నిన్నటిదాకా ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు కూత అకస్మాత్తుగా, ఒక్క పక్కనే మొదలైతే వేరుశెనగ పలుకో, సీతాఫలం గింజో శ్వాసనాళంలో చేరిందేమోనని ముందుగా అనుమానించాలి.

పాలు తాగేటప్పుడు ఊపిరి ఆగడం, పెదవులు నీలబడటం, బిడ్డ వాలిపోవడం జరిగితే అది వేచి చూసే విషయం కాదు, 108కి ఫోన్ చేయవలసిన విషయం. ఇన్నామినేట్ ధమని ఒత్తిడిలోనూ, బిగుతైన వలయాలలోనూ ముద్ద దిగేటప్పుడు ఇలా శ్వాస ఆగే ప్రమాదం ఉంది. మిగిలిన సందర్భాలలో తల్లిదండ్రులు చేయగలిగిన మంచి పని సెల్‌ఫోన్‌లో చిత్రీకరించడం. వైద్యుడి గదిలో బిడ్డ నిద్రపోతూనో, అసలు శబ్దమే లేకుండానో ఉండవచ్చు గనుక, టీవీ, ఫ్యాన్ ఆపి, చొక్కా తీసి ఛాతీ కనబడేటట్లు, నిద్రలో ఒకసారి, పాలు తాగుతుండగా ఒకసారి, ఆడుకొని వచ్చాక ఒకసారి నిమిషం చొప్పున తీసిన దృశ్యాలు మాటలకన్నా బాగా పనికివస్తాయి.

పరీక్షలు చెప్పేవి, చెప్పలేనివి

మందులు పనిచేయనప్పుడు మోతాదు పెంచడానికి ముందు ఇన్‌హేలర్ సరిగా వాడుతున్నారా, రోజూ వాడుతున్నారా, అసలు నిర్ధారణ సరైనదేనా అని చూడాలని ఉబ్బసంపై అంతర్జాతీయ మార్గదర్శకాలే సూచిస్తున్నాయి. ఆ క్రమం మంచిది: స్పేసర్ (మందును పట్టి ఉంచే గొట్టం) లేకుండా ఇన్‌హేలర్‌ను బిడ్డ నోట్లో నేరుగా కొట్టడం వల్ల మందు లోపలికి చేరని పిల్లలు వలయం ఉన్న పిల్లలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ రెండు ప్రశ్నలూ తేలిన తరువాత మూడోదాన్ని వాయిదా వేయకూడదు.

ఆరేళ్లు దాటిన పిల్లలలో స్పైరోమెట్రీ బాగా ఉపకరిస్తుంది. ఊపిరిని బలంగా ఊదినప్పుడు గాలి వేగం ఎలా మారుతుందో చూపే గీత ఉబ్బసంలో లోపలికి వంగి, మందు తరువాత మెరుగుపడుతుంది. మొదటి సెకనులో ఊదిన గాలి 12 శాతానికి మించి పెరగడం ఉబ్బసాన్ని బలపరుస్తుంది. వాయునాళం నొక్కుకుపోయి ఉన్నవారిలో ఆ గీత పైకి లేచి, శిఖరానికి బదులు బల్లపరుపుగా సాగుతుంది, మందు తరువాత కూడా అలాగే ఉంటుంది. నివేదిక అడుగున ముద్రించిన అంకెలను మాత్రమే చదివితే ఇది దొరకదు, గీత ఆకారాన్ని చూడాలి.

తల్లిదండ్రులను ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఎకో. గుండె స్కాన్ తీయించాం, మామూలుగానే ఉందన్నారు అన్న మాటతో చాలా కుటుంబాలలో అన్వేషణ ముగిసిపోతుంది. ఎకో రక్త ప్రవాహాన్ని చూపుతుంది. గాలి నిండిన వాయునాళాన్ని చూపలేదు, రక్తం ప్రవహించని డక్టస్ పోగును గాని, మూసుకుపోయిన చాపపు ముక్కను గాని చూపలేదు. గుండె గదులూ కవాటాలూ బాగున్నాయన్న నివేదిక నిజమే అయినా, దానితో వలయం లేదని తేలదు. మహాధమని వంపు ఎటువైపు ఉంది, దాని శాఖలు ఏ క్రమంలో పుడుతున్నాయి అని ప్రత్యేకంగా చూడమని కోరితే ఎకోలోనే తొలి అనుమానం దొరకవచ్చు. బేరియం ద్రవం మింగించి తీసే ఎక్స్‌రే పాతకాలపు పరీక్షే అయినా చవకైనది. వలయాలలో ఆహారవాహికకు వెనుకనుంచి, పల్మనరీ స్లింగ్‌లో ముందునుంచి నొక్కు కనబడుతుంది. నిర్ధారణకు, శస్త్రచికిత్స ప్రణాళికకు నేడు ఆధారం సీటీ యాంజియోగ్రామ్. రక్తనాళంలో రంగు మందు ఎక్కించి సెకన్లలో తీసే ఈ చిత్రంలో నాళాలూ గాలి గొట్టమూ కలిసి కనిపిస్తాయి. రేడియేషన్ ఉంటుంది గనుక అనుమానానికి తగిన కారణం ఉన్నప్పుడే దీన్ని చేస్తారు. బ్రాంకోస్కోపీలో కెమెరాను వాయునాళంలోకి దించినప్పుడు ఒక పక్క గోడ లోనికి ఉబ్బి, గుండె కొట్టుకునే లయలో అదురుతుండటం కళ్లకు కడుతుంది. నాళం ఎంత మెత్తబడిందో అంచనా వేయడం దానితో వీలవుతుంది.

గర్భిణులకు అయిదో నెలలో చేసే టిఫా స్కాన్‌లో కూడా వలయాన్ని పసిగట్టవచ్చు. మామూలుగా మహాధమని చాపం, డక్టస్ వాయునాళానికి ఎడమ పక్కన ఇంగ్లిష్ ‘వి’ ఆకారంలో కలుస్తాయి. చాపం కుడివైపు ఉన్నప్పుడు వాటి నడుమ వాయునాళం చిక్కి ‘యు’ ఆకారం కనిపిస్తుంది. అలా తేలిన గర్భస్థ శిశువులలో కొందరికి 22వ క్రోమోజోమ్ లోపం ఉండే అవకాశం ఉన్నందున జన్యు పరీక్ష సూచిస్తారు.

చికిత్స, ఆ తరువాత

బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ 1945లో తొలిసారిగా రక్తనాళ వలయాన్ని కోసి ఒక శిశువు వాయునాళాన్ని విడిపించాడు. నేటికీ సూత్రం అదే: పక్కటెముకల మధ్యనుంచి ఛాతీని తెరచి, జంట చాపాలలో చిన్నదాన్ని లేదా డక్టస్ పోగును కట్టి తెంచితే వలయం విచ్చుకుంటుంది. చాలా రకాలలో గుండెను ఆపవలసిన అవసరం ఉండదు. పల్మనరీ స్లింగ్‌లో మాత్రం గుండె-ఊపిరితిత్తుల యంత్రం మీద ధమనిని మార్చి అతికి, ఇరుకైన వాయునాళాన్ని కూడా వెడల్పు చేయవలసి రావచ్చు. స్వరపేటిక నాడి దెబ్బతిని గొంతు బొంగురుపోవడం, ఛాతీలో పాయసరసం (కొవ్వుతో కూడిన పాలలాంటి ద్రవం) చేరడం వంటి ఇబ్బందులు కొద్దిమందికి వస్తాయి. లక్షణాలు లేని వదులైన వలయాలకు అందరికీ శస్త్రచికిత్స అవసరం లేదు.

ఇంటికి వచ్చిన తరువాత శబ్దం వెంటనే మాయం కాలేదని తల్లిదండ్రులు నిరుత్సాహపడటం సహజం. మింగడం త్వరగా మెరుగుపడుతుంది గాని, మెత్తబడిన వాయునాళం గట్టిపడటానికి నెలలు, కొందరికి ఏడాదికి పైగా పడుతుంది. ఆ మధ్యకాలంలో జలుబు చేస్తే పాత దగ్గు మళ్లీ వినిపిస్తుంది. కొందరు పిల్లలకు వలయంతోపాటు నిజంగానే ఉబ్బసం ఉంటుంది, వారికి ఇన్‌హేలర్ కొనసాగుతుంది. పెద్దలలోనూ, పరుగెత్తితే వచ్చే ఆయాసాన్ని ఏళ్లుగా ఉబ్బసమనుకొని వాడిన మందులు పనిచేయక, చివరికి సీటీలో కుడి చాపమూ కొమరెల్ ఉబ్బూ బయటపడినవారు వైద్య పత్రికలలో కనిపిస్తారు; ఆ ఉబ్బు వయసుతో పెద్దదై చిట్లే ప్రమాదం ఉన్నందున వారిని గుండె శస్త్రవైద్యుల పర్యవేక్షణలో ఉంచుతారు.

ఖర్చు భయంతో ఆగిపోవలసిన పని లేదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పుట్టుకతో వచ్చే గుండె లోపాల శస్త్రచికిత్సలు ఎన్నింటికో వర్తిస్తాయి. బిడ్డ నిర్ధారణకు వర్తించే ప్యాకేజీ ఏదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు పరీక్షించే లోపాలలో గుండె జబ్బులు ఉన్నాయి. తిరుపతిలోని శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం 2021 నుంచి పిల్లలకు గుండె చికిత్సలు అందిస్తోంది.

నెమ్ము చేసినప్పుడల్లా తీసిన ఛాతీ ఎక్స్‌రేలు చాలా ఇళ్లలో బీరువా మీద పడి ఉంటాయి. నెమ్ము కోసం తీసిన ఆ చిత్రాలలోనే మహాధమని వంపు కుడివైపు ఉందా, వాయునాళం పక్కకు జరిగిందా, ఎక్కడైనా సన్నబడిందా అన్న సూచన కనిపించే అవకాశం ఉంది. వాటిని పారేయకుండా తేదీల వారీగా పేర్చి, మందులకు తగ్గని కూత ఉన్న బిడ్డతోపాటు పిల్లల ఊపిరితిత్తుల నిపుణుడి దగ్గరికో, పిల్లల గుండె నిపుణుడి దగ్గరికో తీసుకువెళ్లి, వంపు ఎటువైపు ఉందో చూడమని అడగాలి.